అతుకు కనబడని తెర

ప్రోగ్రాములు రాసే పిల్లలూ, మీరు రాసింది పడిపోయిందని ఎవరైనా ఫోన్ చేస్తే కంగారు పడకండి. పడిపోయే ప్రోగ్రాం ఒక రకంగా మర్యాద తెలిసినది. నావల్ల కాదని చెప్పి మరీ పడిపోతుంది. నన్ను నిలువునా వణికించింది పడిపోని ప్రోగ్రాం. ఆ రోజు దాని గడియారం నడుస్తూనే ఉంది, మెనూలు తెరుచుకుంటున్నాయి, గని పటం రంగురంగుల్లో కనబడుతోంది. భూమి అడుగున పంపు దగ్గరున్న ఒక మనిషి మాత్రం దాని లెక్క ప్రకారం అక్కడ లేడు. లేడని పైకి చెప్పిన నోరు నాది.

మాది హుజూరాబాద్ దగ్గరి పల్లె. కరీంనగర్‌లో ఒక మిఠాయి దుకాణం పైన నడిచే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. మొత్తం తొమ్మిది మందిమి. జమ్మికుంట పత్తి వ్యాపారుల కాటా చిట్టీల నుంచి బడిపిల్లల ప్రోగ్రెస్ కార్డుల దాకా ఏది అడిగితే అది రాశాం. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఆఫీసులో అందరికీ తెలుసు. పనిమంతుడనే పేరు కూడా ఉండేది. ఆ పేరు అడ్డం పెట్టుకొని కోపాన్ని ఏనాడూ తగ్గించుకోలేదు.

గోదావరి పక్కన ఉన్న ఒక బొగ్గుగనికి మేం చాలా ఏళ్ళ కిందటే ఒక ప్రోగ్రాం రాసిచ్చాం. గని పటం, గాలి ఫ్యాన్ల వివరాలు, లైట్ల జమాఖర్చు, ఒక్కో పనికి ఒక్కో ముక్క. ఆ ముక్కలన్నింటినీ ఒకే పెద్ద కిటికీలో అమర్చాం. ఒక ముక్కను మార్చాలంటే మిగతావాటిని ముట్టుకోనక్కర్లేదు. అదంతా స్వింగ్‌తో చేసింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, తెర మీద బొత్తాలు, పట్టికలు, బొమ్మలు గీయడానికి జావా భాషలో తయారు సామాను ఉంటుంది. స్వింగ్ అందులో పాతది. నా చేతికి బాగా అలవాటైనది.

తర్వాత గనివాళ్ళు కొత్త కోరిక కోరారు. కార్మికుడు నెత్తికి పెట్టుకునే లైటులో చిప్పు పెట్టించారు. ప్రతి సెక్షన్ మొగదల ఆ చిప్పును గుర్తుపట్టే పెట్టె బిగించారు. పటం మీద ఏ సెక్షన్ నొక్కితే ఆ సెక్షన్‌లో ఈ క్షణాన ఎవరెవరున్నారో ఫోటోలతో సహా కనబడాలి. మా ఆఫీసులో ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒక ఇంజినీరమ్మాయి ఉండేది. చేరి మూడేళ్ళయింది. ఈ కొత్త ముక్కను జావా ఎఫ్ఎక్స్‌తో చేద్దామంది. అది కొత్త సామాను, బొమ్మలు నున్నగా వస్తాయి.

"రెండూ ఒక్క దాంట్ల కలుస్తయి సార్. గని దేని పద్ధతి దానికుంటది. జర చూసుకొని చెయ్యాలె" అంది.

"కలిపినట్టు కనబడొద్దు. నాకు గంతే గావాలె" అన్నాను.

ఆమె చేసింది బాగుంది. కానీ పాత కిటికీలో కొత్తది తెరుచుకునే ముందు, ఒక్క లిప్త పాటు వెనక ఉన్న బూడిద రంగు బయటపడేది. నాకు అది కంట్లో నలుసైంది. రెండు రోజులు కూర్చొని వెనక భాగానికంతా తెల్ల రంగు వేశాను. ఎఫ్ఎక్స్ తెర ఎలాగూ తెల్లగానే ఉంటుంది. ఇక ఎక్కడ పాతది అయిపోయిందో, ఎక్కడ కొత్తది మొదలైందో కనిపెట్టడం బ్రహ్మతరం కూడా కాదు. ఆఫీసులో అందరినీ పిలిచి చూపించి మురిసిపోయాను. సెక్షన్‌లో ఎవరూ లేకపోతే ఏం రాయాలని ఆ అమ్మాయి అడిగితే, ఏమీ రాయొద్దు, ఖాళీగా శుభ్రంగా ఉంటుంది అన్నాను.

అదే రోజుల్లో నాకోసం ఒక చిన్న కిటికీ కూడా చేయించుకున్నాను. పెట్టెల నుంచి సమాచారం సరిగ్గా వస్తోందా లేదా అని గీతలు గీసి చూపించే కిటికీ అది. అదీ ఎఫ్ఎక్స్‌దే. తెర మూలన ఎప్పుడూ తెరిచే ఉంచేవాణ్ణి. ఒకరోజు ఆ అమ్మాయి అడిగింది.

"సార్, ఒకపారి మీ కిటికీ మూసి చూద్దామా? ఎఫ్ఎక్స్ కిటికీ ఒక్కటి గూడ తెరిచి లేకుంటే ఏమైతదో మనం చూడలే."

"ఏమైతది? ఏం గాదు. నువ్వు ముందుగాల ఫోటోలు తొందరగ వచ్చేటట్టు చూడు" అని కసిరాను.

ఆమె మళ్ళీ అడగలేదు. నాతో రెండోసారి ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు, అది నా ఘనత అనుకునేవాణ్ణి.

గనిలో దాన్ని బిగించడానికి నేనొక్కణ్ణే వెళ్ళి మూడు వారాలు ఉన్నాను. అక్కడ కంట్రోల్ రూంలో ఆపరేటరుగా ఒక ఆమె పనిచేసేది. తండ్రి ఉద్యోగం ఆమెకు వచ్చింది. చేతి రాత ఎంత పొందికగా ఉంటుందో పని కూడా అంత పొందిక. పక్క గదే లైటు రూము, నెత్తి లైట్లు ఇచ్చి పుచ్చుకునే చోటు. రెండు గదుల నడుమ ఒక చిన్న కిటికీ. లైటు రూము చూసుకునే పెద్దాయనను అందరూ చాచా అని పిలిచేవాళ్ళు. తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడేవాడు, నన్ను సాబ్ అనేవాడు. ఆయన వెనక గోడ నిండా ఒక చెక్క బోర్డు ఉండేది. సెక్షన్‌కో వరుస చొప్పున కొక్కేలు. కార్మికుడు దిగేముందు తన నంబరున్న ఇత్తడి బిళ్ళను తను వెళ్ళే సెక్షన్ వరుసలో తగిలించి, ఎక్కివచ్చాక తీసుకుపోతాడు. వాళ్ళ తాతల కాలం నుంచీ అదే పద్ధతి.

"చాచా, లైటుల చిప్పే ఉన్నంక గీ బిళ్ళలెందుకు ఇంకా?" అని అందరి ముందూ అడిగాను.

"ఉంటే ఏం బోయింది సాబ్? అన్నం పెట్టుమంటదా అది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ నాకు ఒళ్ళు మండింది. ఒకే పని రెండుసార్లు జరుగుతోంది, బోర్డు తీసేయవచ్చు అని నా రిపోర్టులో రాశాను. మేనేజర్ సంతకం పెట్టాడు. బోర్డు ఊడదీయడానికి వడ్రంగి రావాల్సి ఉంది. ఈ వారం, వచ్చే వారం అంటూ అతను రాలేదు. అందుకని బోర్డు అక్కడే ఉండిపోయింది, దాన్ని వదిలేయడం చేతకాక కార్మికులు బిళ్ళలు తగిలిస్తూనే ఉన్నారు.

గనివాళ్ళకు ఇంకో అలవాటుంది. నాకు అప్పుడు తెలియదు, ఎందుకంటే షిఫ్టు మారే వేళకు నేను సరిగ్గా చాయ్ తాగడానికి బయటికి పోయేవాణ్ణి. ఒకరు నడిపిన యంత్రాన్ని ఇంకొకరు నడుస్తుండగా అందుకోరు. ఆపి, తుడిచి, ఖాళీ చేసి అప్పజెప్పాలి. వచ్చినవాడు తన చేత్తో మళ్ళీ మొదలుపెట్టుకోవాలి. అలా చేయకపోతే చేతులూ వేళ్ళూ పోయిన కథలు వాళ్ళ ఇళ్ళలో ఉన్నాయి. కంట్రోల్ రూంలో కూర్చున్నవాళ్ళు కూడా కార్మికుల బిడ్డలే. అందుకని షిఫ్టు దిగేముందు తెర మీద తాము తెరిచినవన్నీ ఒక్కొక్కటిగా మూసి కుర్చీ అప్పజెప్పేవాళ్ళు. ప్రోగ్రాంను మొత్తంగా ఆపొద్దని నేను కాగితం అంటించాను కాబట్టి దాన్ని మాత్రం ఆపేవాళ్ళు కాదు. లోపలి కిటికీలు మూసేవాళ్ళు.

పని అయిపోయింది. ఆ మూడు వారాలూ తెర మూలన తెరిచే ఉంచిన నా కిటికీని ప్రోగ్రాంలో నుంచి తీసేసి, అందరికీ చేయి ఊపి కరీంనగర్ వచ్చేశాను. తర్వాత నాలుగో ఆదివారం, పని పూర్తయిందని మేనేజర్‌తో కాగితం రాయించుకోవడానికి మళ్ళీ వెళ్ళాను.

ఆదివారాలు గనిలో జనం తక్కువ. పంపులు నడిపేవాళ్ళు, మరమ్మతుల వాళ్ళు మాత్రం దిగుతారు. అందుకే పేలుళ్ళు ఆ రోజు పెట్టుకునేవాళ్ళు. లోపల బొగ్గు తీసేసిన చోట పైకప్పు ఆధారం లేకుండా నిలిచి ఉంటుంది. అది తనంతట తాను ఎప్పుడో కూలకుండా మందు పెట్టి పడగొడతారు. అంత రాయి ఒక్కసారి కూలితే అక్కడి గాలి సెక్షన్ మొత్తాన్నీ ఊడ్చుకుంటూ బయటికి వస్తుంది. దారిలో మనిషి ఉంటే ఇక అంతే. మందు పెట్టిన మనుషులు సెక్షన్ బయటికి వచ్చి, దూరంగా నిలబడి, పైనుంచి మాట వచ్చాక వైరు కలుపుతారు.

పదకొండు గంటల వేళ. మేనేజర్ ఒక చెవి దగ్గర ఫోన్ పట్టుకొని నిలబడ్డాడు. లోపలి నుంచి సర్దార్, అంటే ఆ మనుషులకు పెద్ద, తన వాళ్ళందరూ బయటికి వచ్చేశారని చెబుతున్నాడు.

"నాలుగుల ఇంకెవరన్న ఉన్నరా చూడమ్మా" అన్నాడు మేనేజర్.

ఆపరేటరమ్మ పటం మీద నాలుగో సెక్షన్ నొక్కింది. కుడివైపు కిటికీ తెరుచుకుంది. తెల్లగా, శుభ్రంగా, ఖాళీగా. ఆమె నోరు తెరిచేలోపే వెనక నుంచి నేను అందుకున్నాను.

"ఎవ్వలు లేరు సార్. క్లియర్."

నా గొంతులో ఎంత ధీమా ఉందో ఇప్పటికీ నాకు వినబడుతుంది.

నడిమి కిటికీలో నుంచి చాచా తల పెట్టాడు. "నాలుగుల ఒక బిళ్ళ ఉన్నది సాబ్. పంపు ఆయనది. నీళ్ళు ఎక్కువొస్తున్నయని పొద్దుగాల పంపిండ్రు."

"మరిచిపోయి పోయిండొచ్చు చాచా. తెర మీద లేడు గద."

మేనేజర్ ఆపరేటరమ్మ వైపు చూశాడు. "పంపుకాడికి ఫోన్ కొట్టమ్మా."

ఆమె కొట్టింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ కొట్టింది. ఎవరూ ఎత్తలేదు.

"చూసిండ్రా సార్? ఉంటే ఎత్తడా?" అన్నాను.

పిల్లలూ, ఈ మాట నేను అన్నాను. ఎవరూ నన్ను అడగలేదు. నా తెరను ఒక ఇత్తడి బిళ్ళ కాదంటోందన్న ఉక్రోషంతో అన్నాను. అవతల ఫోన్‌లో సర్దార్ "కలుపమంటరా సార్?" అని అడుగుతున్నాడు, ఆ గొంతు గదిలో అందరికీ వినబడుతోంది.

చాచా కిటికీ దగ్గర నుంచి మాయమయ్యాడు. రెండు నిమిషాలకు తలుపు తోసుకొని లోపలికి వచ్చాడు. చేతిలో ఒక జత నీలం హవాయి చెప్పులు. ఒక చెప్పు బద్దెకు పిన్నీసు పెట్టి ఉంది. వాటిని తెచ్చి మేనేజర్ టేబుల్ మీద, కాగితాల మీదనే పెట్టాడు.

"బిళ్ళంటే మరుస్తడు సాబ్. లైటు, గంబూట్లు వాపసియ్యలే, చెప్పులీడనే ఉన్నయి. ఇంటికి ఎట్ల పోయిండు మరి?"

పంపు పనికి వెళ్ళేవాళ్ళు నీళ్ళలో నిలబడాలి. లైటు రూములో గంబూట్లు తీసుకొని, చెప్పులు అక్కడే ఒక మూలన విడిచి వెళ్తారు. అది నాకు తెలియదు. మేనేజర్‌కు తెలుసు.

"ఆగు!" అని ఫోన్‌లోకి అరిచాడు. "వైరు ముట్టకున్రి. ఎవ్వలు ముట్టకున్రి. నాలుగుల మనిషున్నడు."

ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. సర్దార్ మనుషుల్లో ఇద్దరు పంపు వైపు నడిచారని చెప్పుకున్నారు. నేను గోడకు ఆనుకున్నాను. నేను అన్న రెండు మాటలు, క్లియర్ అన్నదీ, ఉంటే ఎత్తడా అన్నదీ, వద్దన్నా మళ్ళీ మళ్ళీ వినబడుతున్నాయి. కళ్ళు మాత్రం ఆ తెర మీదనే ఉన్నాయి. అది ఇంకా తెల్లగానే ఉంది. మనిషి ఉన్నాడని గదిలో అందరికీ తెలిశాక కూడా అది తెల్లగానే ఉంది.

ఆపరేటరమ్మ రెండు చేతులూ బల్ల మీద ఆనించి నిలబడి ఉంది.

"సార్, పేలుళ్ళప్పుడే గద దీన్ని తెరిచేది. నేను ఇంతకు ముందు గూడ రెండు మాట్ల తెల్లగ చూసిన" అంది మెల్లగా. "మనుషులు లేరేమో అనుకున్న. మీరే చెప్పిండ్రు గద, ఎవ్వలు లేకుంటే ఖాళీగుంటదని."

నేను చెప్పాను. నిజమే.

కుర్చీలో కూర్చొని వేరే సెక్షన్ నొక్కాను. తెలుపు. ఇంకొకటి. తెలుపు. లైట్ల జమాఖర్చు ముక్కలో పంపు ఆయన లైటు తీసుకున్నట్టు స్పష్టంగా ఉంది. పెట్టె నుంచి అతని చిప్పు సమాచారం వస్తోంది. అంటే అతను నాలుగులో ఉన్నాడని మా ప్రోగ్రాంకు తెలుసు. తెలిసి కూడా చూపించడం లేదు. ఎర్ర అక్షరం ఒక్కటి లేదు, తప్పు జరిగిందన్న మాట ఎక్కడా లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఇలాంటిది చూడలేదు. మా ఆఫీసు ఇంజినీరమ్మాయికి ఫోన్ చేశాను.

ఆమె ఇంటివాళ్ళతో కొండగట్టు గుడిలో ఉంది. వెనక గంటలు, జనం, ఎవరో పిల్ల ఏడుపు. నేను జరిగింది చెప్పాను.

వెనక చప్పుడు తగ్గింది. జనంలోంచి పక్కకు వచ్చినట్టుంది.

"సార్, మీ కిటికీ ఉన్నదా ఇప్పుడు అందుల?"

"తీసేసిన."

"ఆ మనుషుల కిటికీని వాళ్ళు మూస్తున్నరా?"

ఆపరేటరమ్మను అడిగాను. "షిఫ్టు దిగేటప్పుడు అన్ని మూసే అప్పజెప్తం సార్. గట్లనే గద చెయ్యాలె" అంది, తనేదో తప్పు చేసినట్టు.

ఫోన్‌లో అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. ఎఫ్ఎక్స్ తన చివరి కిటికీ మూసుకుంటే, ప్రోగ్రాం అయిపోయింది కాబోలనుకొని తన దుకాణం కట్టేస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు అది సబబే. మేం దాన్ని స్వింగ్ ఇంట్లో కాపురం పెట్టించాం. ఇంటి యజమాని బతికే ఉన్నాడు, గడియారం నడుస్తోంది, పటం కనబడుతోంది. ఎఫ్ఎక్స్ మాత్రం పడుకుంది. ఒకసారి పడుకుంటే ప్రోగ్రాంను మొత్తంగా ఆపి మళ్ళీ మొదలుపెట్టేదాకా లేవదు. ఈలోపు మేం పంపే పనులన్నీ మౌనంగా పారేస్తుంది, కాదని కూడా అనదు. దాని వెనక నేను ముచ్చటపడి వేసిన తెల్ల రంగు కనబడుతుంది. బూడిద రంగును అలాగే వదిలేసి ఉంటే, ఆపరేటరమ్మ మొదటి రోజే ఇదేదో తేడాగా ఉందని ఫోన్ చేసేది.

"చివరి కిటికీ మూసినా పండుకోకు అని చెప్పేది ఒక్క లైను సార్. ఒక్కటే లైను" అంది.

అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. నేను అప్పుడే చెప్పిన గద అన్నా బాగుండేది. తిట్టినా నాకు కొంచెం తేలికయ్యేది.

"నువ్వు అడిగినవు. నేనే కసిరిన" అన్నాను. అంత పెద్ద మాట అప్పటిదాకా ఆఫీసులో ఎవరితోనూ అనలేదు.

"ముందుగాల ఆయన పైకి వచ్చిండా సార్?" అని అడిగింది.

వచ్చాడు. ముప్పావు గంట తర్వాత. నలభై దాటిన మనిషి, మోకాళ్ళ దాకా బురద, ముఖాన నీళ్ళు. పంపు నీళ్ళు గుంజే గొట్టం మొగదల చెత్త అడ్డం పడితే గుంటలో దిగి తీస్తున్నాడట. ఆ మోతలో ఫోన్ వినబడలేదు. ఇంతమంది తన కోసం నిలబడి ఎందుకు చూస్తున్నారో అతనికి అర్థం కాలేదు. లైటు అప్పజెప్పి, గంబూట్లు విడిచి, మూలన వెతుక్కున్నాడు.

"నా చెప్పులేవి చాచా?"

మేనేజర్ టేబుల్ మీద ఉన్నాయి. మేనేజర్ తనే తెచ్చి అతని కాళ్ళ ముందు పెట్టాడు. అతను బిత్తరపోయి వెనక్కి జరిగాడు. "అయ్యో, గదేంది సార్!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

అతనికి చెప్పాల్సింది నేను. మేనేజర్ చెప్పమనలేదు, నేనే చెప్పాను. బయట బెంచీ మీద పక్కన కూర్చొని, తెర ఖాళీగా వచ్చిందని, నేను క్లియర్ అన్నానని, సర్దార్ వైరు పట్టుకొని ఉన్నాడని, అన్నీ వరుసగా చెప్పాను. అతను తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు. తుడుచుకోవడం ఆపాడు.

"ఇంట్ల చెప్పకున్రి సార్. మా ఇంటామె మళ్ళ నన్ను డ్యూటీకి పోనియ్యది" అన్నాడు ముందు.

తర్వాత నా వైపు తిరిగాడు. "ఇంతకు ముందు గిట్ల ఎన్నిసార్లయింది?"

నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు. తప్పు దొరికింది, మనిషి దక్కాడు, అక్కడికి నా ఆలోచన ఆగిపోయింది. లేచి లోపలికి వెళ్ళాను. ఏ కిటికీ ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు మూశారో ప్రోగ్రాం ఒక చిట్టా రాసుకుంటుంది. నేను వెళ్ళాక మూడు ఆదివారాలు పేలుళ్ళు జరిగాయి. ఒకదానికి ముందు కరెంటు పోయి ప్రోగ్రాం మళ్ళీ మొదలైంది కాబట్టి ఆ రోజు తెర నిజమే చెప్పింది. మిగతా రెండుసార్లూ ఎఫ్ఎక్స్ పడుకునే ఉంది. ఖాళీ తెర చూసి, ఎవరూ లేరనుకొని వైరు కలిపారు. బిళ్ళల బోర్డు ఇక అక్కర్లేదని కాగితం మీద రాసిచ్చింది నేనే కాబట్టి, ఆ రెండుసార్లూ ఎవరూ చాచాను అడగలేదు. ఆ రెండు రోజులూ బోర్డులో ఏముందో ఆయనకు గుర్తు లేదు.

బయటికి వచ్చి, రెండుసార్లు అన్నాను.

"ఎప్పుడెప్పుడు?"

చెప్పాను. ఒకటి పోయిన ఆదివారం.

అతను ఏదో లెక్కపెట్టుకున్నాడు. "పోయిన ఐతారం గూడ నేనే ఉంటి సార్ నాలుగుల. కడుపుల నొస్తుందని అడిగి ముందుగాల ఎక్కొచ్చిన. నేను సైకిల్ తీసి గేటు దాటుతుంటే కింద దబ్బుమన్నది."

బెంచీ పట్టుకొని కూర్చున్నాను. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడను. ఒక కడుపునొప్పి నన్ను కాపాడింది, నాకు వారం దాకా తెలియనే లేదు. ఆ వారమంతా నేను కరీంనగర్‌లో ఆ ప్రోగ్రాం ఎంత బాగా వచ్చిందో నలుగురికీ చెప్పుకుంటూ తిరిగాను.

చాచా బోర్డు చూసి నాలుగు ఖాళీ అన్నాకే ఆ రోజు పేలుడు కానిచ్చారు. ఆ మధ్యాహ్నమే ఆ ఒక్క లైను రాశాం. వెనక తెల్ల రంగు తీసేశాను. ఎవరూ లేకపోతే ఎవరూ లేరు అని పెద్ద అక్షరాలతో, గంట నిమిషం సహా రాసేటట్టు చేశాం. తెలుపు ఉన్న చోట ఎరుపు వేశాను, ఎఫ్ఎక్స్ పడుకుంటే ఆ ఎరుపే బయటపడేలా. నా రిపోర్టును నా చేత్తోనే కొట్టేసి, తప్పు ఎవరిదో పేరు పెట్టి ఇంకొకటి రాశాను. మేనేజర్ చదివి, "నేను గూడ సంతకం పెట్టిన గద" అని ఊరుకున్నాడు. మూసి మూసి తెరిచి చూశాం, యాభైసార్లు. కానీ ఇవన్నీ సామాను పనులు, వాటితో ఆ మనిషి ముఖంలోకి చూసే ధైర్యం రాలేదు.

సాయంత్రం ఇంటికి పోతూ అతను నా దగ్గర ఆగాడు.

"రేపు నాకు పొద్దటి షిఫ్టు సార్. నాలుగే. పోవచ్చునా?"

పొద్దున క్లియర్ అనడానికి ఒక్క క్షణం కూడా పట్టని నోటికి, ఈ చిన్న మాట రాలేదు. పోవచ్చు అనాలి. అన్నీ సరిచేశాను కాబట్టి అనాలి. చివరికి, "నేను గూడ వస్త" అన్నాను.

అతను ఆ రోజు మొదటిసారి నవ్వాడు. "మీరు ఎన్నడన్న దిగిండ్రా సార్?"

లేదు. ఆ గనికి ఏళ్ళ తరబడి ప్రోగ్రాములు రాశాను. ప్రతి సెక్షన్ పటం నా చేతుల మీదుగా గీసిందే. ఒక్కసారి కూడా దిగలేదు.

మేనేజర్ అనుమతి రాసిచ్చాడు. మర్నాడు పొద్దున నా నెత్తికి లైటు, నడుముకు బ్యాటరీ, కాళ్ళకు వదులు గంబూట్లు. చాచా నాకు ఒక పాత బిళ్ళ వెతికి ఇచ్చాడు, ఏమీ అనకుండా. గంటకు పైగా నడిచాం. నేను గీసిన పటంలో అది ఒక అంగుళం గీత. చెమట, తడి, తల వంచుకొని నడవాల్సిన చోట్లు, ఎక్కడో చప్పుడు చేసే రాయి. పంపు దగ్గరికి వచ్చేసరికి నాకు ఊపిరి ఆడటం లేదు. అతను మోటారు మొదలుపెట్టి, నన్ను ఒక బొగ్గు దిమ్మ మీద కూర్చోబెట్టాడు. నా లైటు వెలుగు ఎంత దూరం పడితే అంతే లోకం. ఆ అవతల ఏముందో తెలియదు.

ఫోన్ మోగింది. ప్రతి గంటకూ పంపుకు ఫోన్ చేసి మనుషులను సరిచూసుకోవాలని మేనేజర్ ముందు రోజే కొత్త ఆర్డరు వేశాడు. అతను రిసీవరు ఎత్తి నాకు అందించాడు. "మీరే చెప్పున్రి సార్."

"నాలుగుల ఎందరున్నరు?" అని ఆపరేటరమ్మ గొంతు.

"ఇద్దరం ఉన్నం" అన్నాను.

"ఆగున్రి సార్. తెర మీద చూసి చెప్త" అంది.

ఆమె చూసి చెప్పేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.